గుడివాడ మేడ మీద తుపాకుల పరీక్ష

ఆడుకుంటే అన్నం పెట్టే ఇల్లు ఒకటి ఉందని ఆ రోజుల్లో ఎవరైనా మా నాగాయలంకలో చెప్పి ఉంటే, చెప్పినవాణ్ణి నీడలో కూర్చోబెట్టి, గ్లాసు మజ్జిగ తాగించి, ఎండలో తిరక్కు నాయనా అని పంపేసేవాళ్లు. నేను మాత్రం నమ్మాను. నమ్మడానికి నా కారణాలు నాకున్నాయి. అప్పటికి నాకు ముప్పై దగ్గర పడుతున్నాయి, పెళ్లి కాలేదు, చదువు రాదు (అక్షరాలు నేర్చుకున్నది చాలా తర్వాత, తలలో తెల్లవెంట్రుకలు వచ్చాక, ఆ గొడవ ఇక్కడ అనవసరం), చేసేది రొయ్యల చెరువు కాపలా. ఆ చెరువుకి ఆ ఏడాది తెల్లమచ్చ తగిలింది. తెల్లమచ్చ అంటే ఏమిటో తెలియనివాళ్లు అదృష్టవంతులు. పొద్దున చూస్తే రొయ్యలు గట్టు వారకి వచ్చి నీరసంగా పడి ఉంటాయి, సాయంత్రానికి కాకులన్నీ చెరువు చుట్టూ పంక్తి భోజనానికి కూర్చుంటాయి. కాపలా అన్నాక చెరువులో ఏదో ఒకటి ఉండాలి కదా. ఉప్పునీళ్లకి ఎవరూ కాపలా పెట్టరు.

ఆ ఇంట్లో ఆడేది కంప్యూటర్ ఆట. కాపలావాడికి అది ఎలా వచ్చిందని మీరు అడుగుతారు. అంతా కరెంటు మహిమ. ఊళ్లో కరెంటు ఎప్పుడు పోతుందో ఎప్పుడు వస్తుందో దేవుడికి కూడా తెలియదు గానీ, చెరువు గట్టు మీద మాత్రం జనరేటర్ ఉంటుంది. మనుషులు ఉక్కపోతకి అల్లాడినా ఫరవాలేదు, రొయ్యకి గాలి అందకపోతే ఆసామి మునిగిపోతాడు. మా ఆసామి గారి చిన్నకొడుకు (అందరం చినబాబు అనేవాళ్లం) ఇంజనీరింగు సగంలో వదిలేసి ఇంటికొచ్చాడు. ఇంట్లో కంప్యూటర్ ముందు కూర్చుంటే నాన్నగారి తిట్లు, తిట్లు లేనప్పుడు కరెంటు ఉండదు. దాంతో రెండు కంప్యూటర్లు తెచ్చి గట్టు మీద షెడ్డులో మేత బస్తాల మీద పెట్టి, రెంటికీ మధ్య ఒక వైరు లాగాడు. తుపాకుల ఆట అది. ఒకడు ఆడేది కాదు, ఎదురు ఆడటానికి ఒక మనిషి కావాలి. ఆ చుట్టుపక్కల పనిలేని మనిషి నేనొక్కణ్ణే.

"మావా, ఇలా కూర్చో. నేను కనిపిస్తే కాల్చెయ్."

"మిమ్మల్నా బాబూ?"

"నన్నే. మొహమాటపడకు."

మొదట్లో మొహమాటపడ్డాను. జీతమిచ్చేవాళ్ల అబ్బాయిని కాల్చడమంటే చెయ్యి రాదు. వారం తిరిగేసరికి మొహమాటం పోయింది, నెల తిరిగేసరికి చినబాబు నా చేతిలో చావని రోజు లేదు. ఇంగ్లీషు ముక్క రాకపోయినా ఎక్కడ నొక్కితే తుపాకీ వస్తుందో, ఎక్కడ నొక్కితే ఆట మొదలవుతుందో చోటు గుర్తు పెట్టుకునేవాణ్ణి. చీకట్లో గట్టు మీద ఏది కదిలినా పట్టేసే కన్ను నాది, ఆ తెర మీద మూల ఏది మెదిలినా దొరికిపోయేది. ఆసామి గారు హఠాత్తుగా వచ్చి "ఏం చేస్తున్నార్రా?" అంటే, చినబాబు తల ఎత్తకుండా "నీళ్లలో ఉప్పు చూస్తున్నాం నాన్నా" అనేవాడు. నిజంగా చూసి ఉంటే ఏమయ్యేదో తెలియదు గానీ, రొయ్యలు చచ్చిపోయాయి.

చెరువు ఎండగట్టేస్తామని, జనరేటర్ అమ్మేస్తామని ఆసామి గారు చెప్పిన రోజున నాకు అన్నం సయించలేదు. పని పోయినందుకు కాదు. పని పోతే ఇంకొకటి సిద్ధంగా ఉంది, అదీ నా బాధ. బందరులో మా బావ రోల్డ్‌గోల్డ్ గొలుసులకి పూత వేసే చిన్న కార్ఖానా నడిపేవాడు. "సోమవారం నుంచి వచ్చెయ్, బొత్తిగా తెలియనివాడివైనా నేను నేర్పుతాను" అని కబురు పెట్టాడు. అంతకు ముందు ఒకసారి వెళ్లి చూశాను. యాసిడ్ ఘాటుకి కళ్లు మండుతాయి, చేతులు పసుపురంగుకి తిరుగుతాయి, దానికి తోడు మా బావ రోజంతా మాట్లాడతాడు. ఆ మూడింటిలో ఏది ఎక్కువ భయమో ఇప్పటికీ తేల్చుకోలేదు.

అలాంటి సమయంలో చినబాబు ఆ వార్త మోసుకొచ్చాడు. గుడివాడలో ఒకాయన మేడ మీద పది కంప్యూటర్లు పెట్టి ఆటగాళ్ల ఇల్లు తెరుస్తున్నాడట. ఎంపికైనవాళ్లు అక్కడే ఉండాలి, అక్కడే తినాలి, పొద్దస్తమానం ఆడాలి, ఆడి ఆడి రాటుదేలాక హైదరాబాదు, బెంగుళూరు పోటీలకి వెళ్లాలి. ఆదివారం పరీక్ష. "నువ్వూ రా మావా, నీ చెయ్యి నాకంటే మంచిది" అన్నాడు. మా అమ్మతో చెప్తే చేట కింద పెట్టి నా మొహంలోకి చూసింది.

"ఆడుకుంటే అన్నం పెడతారా?"

"పెడతారంట."

"పొద్దున్నే టిఫిను కూడానా?"

"అదీ పెడతారంట."

"అయితే నన్ను కూడా తీసుకెళ్లరా, నాకు గచ్చకాయలు వచ్చు."

ఆదివారం పొద్దున్నే అవనిగడ్డ వచ్చి, చల్లపల్లి మీదుగా వెళ్లే బస్సెక్కి, పామర్రులో మారి గుడివాడలో దిగాం. దారి పొడుగునా చినబాబు పాఠం చెబుతూనే ఉన్నాడు, నేను తలూపుతూనే ఉన్నాను, నా చెవికి మాత్రం మా బావ గొంతే వినిపిస్తోంది. ఆ మేడ కింద ఎరువుల కొట్టు, పైకి ఇనుప మెట్లు. లోపల అన్నీ కొత్త కుర్చీలు, గుప్పున కొట్టే కొత్త రంగు వాసన, వరసగా కంప్యూటర్లు, గోడ పక్కన చుట్టి పెట్టిన కొత్త పరుపులు. ఆ పరుపులు చూసేసరికి నాకు ఆశ పుట్టింది. గట్టు మీద నవారు మంచం తప్ప ఎరగనివాణ్ణి. మనసులో నాకొక పరుపు ఎంచేసుకున్నాను, కిటికీ పక్కది.

ఆ ఇంటాయన్ని అందరూ కెప్టెన్ అంటున్నారు. మీసాలు అప్పుడప్పుడే ముదురుతున్న కుర్రాడు, నోట్లోంచి ఒక్క పరుషమైన మాట రాదు. గట్టు మీద ఎండకి ఎండిన నా మొహం చూడగానే పెద్దవాణ్ణనుకుని లేచి కుర్చీ వేశాడు. "రండి బాబాయ్ గారూ, మీ అబ్బాయి ఎవరండీ?" అన్నాడు. పరీక్షకి వచ్చింది నేనే అని చెప్పాను. ఆయన కూర్చున్నాడు. అక్కడున్న ఆటగాళ్లందరూ కాలేజీ పిల్లలు, అందరూ ఒకేసారి నా వంక తిరిగారు. వాళ్లలో బందరు కుర్రాడొకడు "ఆడనివ్వండన్నా, సరదాగా ఉంటుంది" అన్నాడు. సరదా వాడికి. నాకు సోమవారం బందరు.

మమ్మల్ని రెండు జట్లు చేశారు. చినబాబు అటు పడ్డాడు, నేను, బందరు కుర్రాడు ఇటు. మా పని అవతలి జట్టువాళ్లు బాంబు పెట్టకుండా ఒక చోటుని కాయడం. కాపలా! అది వినగానే నాకు సగం ఉద్యోగం వచ్చేసినట్టే అనిపించింది. పుట్టి బుద్ధెరిగాక చేస్తున్నది అదే కదా. తీరా ఆట మొదలయ్యాక తెలిసింది అసలు తిప్పలు. షెడ్డులో ఆడేది ఇద్దరం, ఎదురొచ్చినవాడు చినబాబే, ఇంకొకడు ఉండడు. ఇక్కడ మనవాళ్లు, అవతలివాళ్లు కలిసి కిందా మీదా పరుగులు. ఆ మసక తెరలో ముసుగులూ టోపీలూ నా కంటికి అన్నీ ఒకటే. మనవాడి మీద గురి పెడితే పక్కన పేరు పడుతుంది, చదువుకోండి బాబాయ్ అన్నారు. పేరు పడుతోంది నిజమే. ఇంగ్లీషులో పడుతోంది.

చదువు రానివాడు మనిషిని గుర్తుపట్టడానికి ఒక దారి ఉంది, అది మా గట్ల మీద అందరికీ తెలుసు. కేకేసి అడగడం. చీకట్లో ఏదైనా కదిలితే మేం ముందు రాయి విసరం, కర్ర ఎత్తం. "ఎవరది?" అని కేకేస్తాం. అవతలివాడు "నేనే, ఫలానా వాళ్ల చెరువు" అని పలకాలి. పలికాడా, సరే పొమ్మంటాం. పలక్కపోతే అప్పుడు చూసుకుంటాం. అడక్కుండా కర్ర ఎత్తిన కాపలావాడొకడు ఒకసారి సాక్షాత్తూ ఆసామి గారి మామగారి వీపు వాయించాడు (ఆయన చెంబు పట్టుకుని బయలుదేరాడు పాపం). ఆ తర్వాత ఇక ఎవరూ ఆ నియమం తప్పలేదు.

నేనూ తప్పలేదు. గోడ పక్కన నీడ కదిలింది. గురి పెట్టాను, వేలు సిద్ధంగా ఉంది. "ఎవరదీ?" అని కేకేశాను. మేడ అదిరింది. కింద ఎరువుల కొట్టువాడు తల పైకెత్తి చూశాడట. అవతలి జట్టు కుర్రాడు నాకు మూడు కుర్చీల అవతలే కూర్చున్నాడు, వాడు పలకలేదు, కాల్చాడు. నేను జవాబు కోసం ఆగాను, ఆ ఆగడంలో పోయాను. మళ్లీ బతికాను, మళ్లీ కేకేశాను, మళ్లీ పోయాను. నా కేక వినగానే నేనెక్కడున్నానో అందరికీ తెలిసిపోతోంది, పెళ్లికి పిలిచినట్టు వచ్చి కాల్చి వెళ్తున్నారు.

కెప్టెన్ వచ్చి నా కుర్చీ పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాడు. "బాబాయ్ గారూ, కేకలొద్దండీ. చూడండి, కాల్చండి. అంతే."

సరే అన్నాను. పళ్లు బిగించాను. ఈసారి ఎదురొచ్చినవాణ్ణి అడగలేదు. ఒక్క దెబ్బకి పడగొట్టాను. ఆనందంతో ఒళ్లు ఝల్లుమంది. పక్క కుర్చీలోంచి బందరు కుర్రాడు ఏడుపు గొంతుతో అన్నాడు: "బాబాయ్, నేను మనవాణ్ణి!"

ఇక ఆఖరి ఆట. మా జట్టులో అందరూ పోయి నేనొక్కణ్ణే మిగిలాను, అటు చినబాబు ఒక్కడే మిగిలాడు. పిల్లలందరూ వచ్చి నా వెనక నిలబడ్డారు. సందు మలుపు మీద గురి పెట్టి కూర్చున్నాను. ఇప్పుడు మనవాళ్లెవరూ బతికి లేరు, ఎవరొచ్చినా అవతలివాడే, అడగాల్సిన పని లేదు. ఇదంతా ఇప్పుడు తీరిగ్గా తెలుస్తోంది. అప్పుడు మలుపులో నీడ పడగానే నా నోరు దాని పని అది చేసేసింది.

"ఎవరదీ?"

"నేనే మావా!" అన్నాడు చినబాబు.

"సరే, వెళ్లండి బాబూ" అన్నాను.

వెళ్లాడు. నా తుపాకీ ముందు నుంచి దర్జాగా నడిచి వెళ్లి, బాంబు పెట్టాడు. అలవాటుగా పలికాడో, ఎత్తు వేసి పలికాడో నేను అడగలేదు, ఆయనా చెప్పలేదు. నా వెనక పిల్లలు మాత్రం నేల మీద పడి దొర్లారు.

కెప్టెన్ నన్ను పక్కకి తీసుకెళ్లాడు. "అబద్ధం చెప్పనండీ. మీ చెయ్యి ఇక్కడ అందరికంటే బావుంది. కానీ బాబాయ్ గారూ, శత్రువుకి దారిచ్చి పంపేశారండీ."

"పలికాడు కదండీ."

"పలికితే?"

"పలికినవాణ్ణి ఎలా కాలుస్తామండీ?"

ఆయన మొహంలో కోపం లేదు, జాలి కూడా లేదు. మెల్లగా నా భుజం తట్టి, భోజనం చేసి వెళ్లండి అన్నాడు. ఆ 'వెళ్లండి'లో అంతా ఉంది. చినబాబుని తీసుకున్నారు, బందరు కుర్రాణ్ణి తీసుకున్నారు. కిటికీ పక్క పరుపు మీద అప్పటికే ఎవడో సంచి పెట్టేశాడు.

వెనక గదిలో వంటావిడ విస్తరి వేసింది. ఎవరు ఎంపికయ్యారో ఎవరు కాలేదో ఆవిడకి చెప్పినవాళ్లు లేరు. దోసకాయ పప్పు, బెండకాయ వేపుడు, గడ్డపెరుగు. నాకు రెండోసారి పప్పు వడ్డిస్తూ, "పెద్దవారు, మీకు కారం ఎక్కువైందేమో. రేపట్నుంచి తగ్గించమంటారా?" అంది. నీళ్లు తాగి, "లేదమ్మా, ఇలాగే బావుంది, తగ్గించొద్దు" అన్నాను. ఇంకో గరిటె వేసింది. తిన్నాను. ఆ ఇంటివాడిలాగే నిదానంగా, పెరుగన్నం దాకా, చెయ్యి నాకి మరీ తిన్నాను.

చినబాబు మెట్ల దాకా వచ్చాడు. "మావా, నాన్న అడిగితే కంప్యూటర్ కోర్సులో చేరానని చెప్పు" అన్నాడు. సరేనని మెట్లు దిగాను. పామర్రులో బస్సు మారేటప్పుడు తల తుడుచుకునే వంకతో తువ్వాలు మొహం మీద కప్పుకుని కాసేపు కూర్చున్నాను. సోమవారం బందరు వెళ్లాను. మా బావ నోరు తెరిచాడు, నేను యాసిడ్ తొట్టిలో చెయ్యి పెట్టాను, అలా ఏళ్లు గడిచిపోయాయి.

ఆ ఇల్లు కూడా ఎన్నాళ్లో నిలవలేదు. వానాకాలం వచ్చేసరికి కెప్టెన్ వాళ్ల నాన్నగారు మేడని ఎవరికో అద్దెకిచ్చేశారు. చినబాబు ఇంటికొచ్చి, మేత వ్యాపారంలో పడి, పొట్ట పెంచి, ఇప్పుడు పెళ్లిళ్లలో కనిపిస్తే "ఏం మావా" అంటాడు. ఆ ఆట సంగతి ఆయన ఎత్తడు, నేనూ ఎత్తను.

గుడివాడ వెళ్లినప్పుడు పని లేకపోయినా ఆ వీధిలోంచి వస్తాను. పైన ఇప్పుడు ఆడపిల్లలకి కుట్లు నేర్పుతున్నారు, మిషన్ల చప్పుడు కిందకి వినిపిస్తుంది. ఇన్నేళ్లలో చాలా పనులు చేశాను. అన్నీ ఎవరో చెయ్యమన్నవే, గత్యంతరం లేక చేసినవే. నాకిది కావాలి అని నా అంతట నేను వెళ్లి అడిగిన పని అదొక్కటే. తలకి నూనె రాసుకుని, పిల్లల వెనకాల ఇనుప మెట్లెక్కుతున్న ఆ ముప్పై ఏళ్ల మనిషి నాకు అక్కడ కనిపిస్తాడు. నాకు నవ్వొస్తుంది. ఆ నవ్వు అయిపోయాక కూడా కాసేపు అక్కడే నిలబడతాను, ఎందుకంటే మళ్లీ ఏ మెట్లూ నేను అంత నమ్మకంగా ఎక్కలేదు.