హిర్ని జీపులో లేని చోటు

నా చిన్నప్పుడు మేము జంషెడ్‌పూర్‌లో, అగ్రికో క్వార్టర్సులో ఉండేవాళ్లం. నాన్న ఉక్కు కర్మాగారంలో ఫిట్టరు. మా వీధిలో శ్రీకాకుళం వైపు నుంచి పని కోసం వచ్చి స్థిరపడ్డ ఇళ్లు చాలానే ఉండేవి. మా ఇంట్లో నాన్నను కన్న మామ్మ, అమ్మ, నాన్న, నేను, నాకంటే బాగా చిన్నవాడైన తమ్ముడు. సెలవు దొరికితే అందరూ వెళ్లే చోట్లకే మేమూ వెళ్లేవాళ్లం, పార్కుకో, డిమ్నా చెరువుకో. దుప్పటి పరుచుకోవడానికి కాస్త జాగా వెతుక్కోవడంతోనే సగం పొద్దు గడిచిపోయేది.

ఒక చలికాలం మొదట్లో, గమ్హరియాలో నాన్నకు తెలిసిన కాంట్రాక్టరు ఒకాయన వచ్చే ఆదివారం తన జీపు ఇస్తానన్నాడు. ఆ సాయంత్రం నాన్న నన్ను పిలిచి, "ఎక్కడికెల్దామో నువ్వే సెప్పు. జనం ఎగబడే సోటు మాత్రం వద్దు" అన్నాడు. ఇంట్లో ఒక సంగతి నన్ను అడిగి నిర్ణయించడం అదే మొదటిసారి. నాకు పదేళ్లుంటాయేమో. ఆ మాటతో నా జడ కూడా కాస్త పొడుగైనట్టు అనిపించింది.

పక్కింటికి కోడలిగా వచ్చిన అక్క పుట్టిల్లు చక్రధర్‌పూర్. అక్కడి నుంచి రాంచీ వెళ్లే దారిలో, అడవి మధ్య హిర్ని అనే జలపాతం ఉందని, పండగ రోజుల్లో తప్ప అక్కడ మనిషి కనబడడని ఆమె చెప్పింది. ఆ వారమంతా ఆమెను నేను వదల్లేదు. దారిలో ఎక్కడ ఆగాలి, తమ్ముడు దిగగలిగేంత లోతు నీళ్లు ఎటువైపు ఉంటాయి, మామ్మ కాళ్లకు ఆ రాళ్లమీద నడక కష్టమా, అన్నీ అడిగాను. పులిహోర అయితే సాయంత్రం దాకా పాడవదని అమ్మకు నేనే చెప్పాను. సెరైకెలాలో టీ తాగుదామని నాన్నకు చెప్పాను. ఆయన ప్రతిదానికీ తల ఊపి, "అలాగే, నువ్వు సెప్పినట్టే" అనేవాడు.

శనివారం పొద్దుగూకాక నాన్న డ్యూటీ నుంచి వచ్చి, చొక్కా విప్పుతూనే, "జీపు పాడైపోనాదమ్మా. గేరేజీలో పడుంది. మరోపాలి ఎల్దాం" అన్నాడు. నేను ఏడవలేదు. యంత్రం చెడిపోతే ఎవరేం చేస్తారు అనుకున్నాను. కర్మాగారం ఊళ్లో పుట్టిన పిల్లను, యంత్రాలు చెడిపోతాయని తెలుసు. మర్నాడు ఊరికే ఇంట్లో కూర్చోవడం దేనికని, నాన్న మమ్మల్ని, అంటే మామ్మను, నన్ను, పర్సుడీహ్‌లో ఉన్న మేనత్త ఇంటికి పొద్దున్నే పంపించాడు. తమ్ముడికి జలుబుగా ఉందని అమ్మ వాణ్ని తన దగ్గరే ఉంచుకుంది.

రోజంతా మామ్మ నన్ను ఊరడిస్తూనే ఉంది. జీపు బాగవుతుందని, అప్పుడు తనే ముందు సీట్లో కూర్చుంటానని నవ్వించింది. సాయంత్రం తిరిగొచ్చేసరికి మా ఇంటికి తాళం వేసి ఉంది. గుమ్మంలో నిలబడ్డ పక్కింటి అక్క నన్ను చూసి ఆశ్చర్యపోయింది.

"అదేటి, నువ్వు ఎల్లలేదా? పొద్దున్నే అందరూ జీపెక్కినారు గదా!"

నాకు ఆ మాట అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. మామ్మ నా చెయ్యి పట్టుకుని అరుగుమీద కూర్చోబెట్టింది. 

చీకటి పడే వేళకు జీపు వచ్చి ఆగింది. మొదట నాన్న పైఅధికారి ఫోర్‌మన్ దిగాడు, తర్వాత ఆయన భార్య, వాళ్ల ముగ్గురు పిల్లలు. చివరికి నాన్న, అమ్మ, ఆమె చంకలో తమ్ముడు. వాడి జుట్టు ఇంకా తడిగానే ఉంది. నన్ను చూడగానే చేతులు పైకెత్తి, "దీదీ, ఇత్నా ఊపర్ సే పానీ!" అని, అంత ఎత్తునుంచి నీళ్లు పడ్డాయని హిందీలో అరిచాడు. అమ్మ పులిహోర డబ్బా కొంగుచాటున పెట్టుకుని, నా వైపు చూడకుండా లోపలికి వెళ్లిపోయింది.

అది కూడా భరించేదాన్నేమో. ఫోర్‌మన్ వెళ్తూ వెళ్తూ నాన్న భుజం తట్టి, ఇంత మంచి చోటు భలే కనిపెట్టావయ్యా అని హిందీలో మెచ్చుకున్నాడు. నేను అక్కడే ఉన్నాను. నాన్న నన్ను చూశాడు కూడా. చూసి, నవ్వి, ఆ మెప్పు తనే తీసుకున్నాడు.

జీపు వెళ్లిపోయాక నాన్న నా ముందు గొంతుకూర్చుని, "ఆయన పిల్లల్తో వత్తానంటే కాదనగలనా అమ్మా? జీపులో సోటు సాల్లేదు. సెప్తే ఏడుత్తావని సెప్పనేదు" అన్నాడు.

సమాధానం మామ్మ చెప్పింది. కొడుకుమీద ఆమె గొంతు పెంచడం నేనెప్పుడూ వినలేదు. "ఏడిత్తే నాను ఊరుకోబెడుదును గదరా! సోటు నేదంటే అది ఇనుకోదా? పొద్దున్నించీ ఆ గుంటకి జీపు బాగవుద్దని సెప్తన్నాను నాను. నా నోటంట కూడా అబద్ధం ఆడించినావు."

నాన్న లేచి నిలబడ్డాడు. ఆ తర్వాత నాతో, పై ఆదివారం నిన్నొక్కదాన్నే తీసుకెళ్తాను చూడు అన్నాడు. నేను నమ్మలేదు. నమ్మకపోవడం ఎంత సులువో ఆ రోజే తెలిసింది. ఆ ఆదివారం ఆయన ఓవర్‌టైముకి వెళ్లాడు. అది నిజమైన ఓవర్‌టైమేనేమో. కానీ నాకు ఇక తేడా తెలిసే దారి లేకపోయింది.

ఆయన అలా వెళ్లగానే మామ్మ తలుపు దగ్గర నిలబడి, "ముకం కడుక్కో. బేగి రా" అంది. చేతిలో సంచి ఉంది. అప్పుడే నా కళ్లలోకి సూటిగా చూసి చెప్పింది. "ఇను. ఆ జలపాతం కాడికి నాను తీసుకెల్లలేను. దారి తెల్దు, హిందీ రాదు. చాయిబాసా దాకా బస్సు ఉందంట. అక్కడ ఏటుంటే అది సూద్దాం, సీకటి పడకముందే వచ్చేద్దాం. ఇట్టమైతే రా."

ఇష్టమే అన్నాను.

బస్సులో మామ్మ కండక్టరుతో తెలుగులోనే మాట్లాడింది. అతను హిందీలోనే జవాబిచ్చాడు. మధ్యలో నేను అటూ ఇటూ మాట చేరవేశాను. చాయిబాసాలో దిగి నడుచుకుంటూ పోతే రోరో నది కనబడింది. చలికాలం కాబట్టి నీళ్లు తక్కువ, రాళ్ల మధ్య పాయలుగా పారుతున్నాయి. పై నుంచి దూకే జలపాతం కాదు, అడవీ కాదు. ఒడ్డున ఒకామె బట్టలు ఉతుకుతోంది, అంతే. మామ్మ చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టి నీళ్లలో నిలబడి, చల్లదనానికి చిన్నపిల్లలా కేక వేసింది. ఇద్దరం రాతిమీద కూర్చుని రొట్టె, బెల్లం తిన్నాం.

"హిర్ని ఇక్కణ్నించి దగ్గరేనా?" అని అడిగాను, ఆశ చావక.

"తెల్దు. అక్కడికి తీసుకెల్తానని నాను అన్నేదు గదా" అంది మామ్మ.

కఠినంగా అనలేదు. కానీ ఆ మాటకు నాకు ఏడుపొచ్చింది. వారం రోజులుగా దిగమింగుకున్నదంతా ఆ ఒడ్డున బయటికొచ్చింది. మామ్మ ఊరుకోమనలేదు. ఇంకోసారి వద్దాంలే అనలేదు. నా వీపుమీద చెయ్యి వేసి, నా ఏడుపు అయ్యేదాకా నది వైపు చూస్తూ కూర్చుంది. చీకటి పడకముందే ఇంటికొచ్చేశాం, ఆమె చెప్పినట్టే.

నాన్న చెడ్డవాడు కాదు. తర్వాత నన్ను చదివించాడు, నా పెళ్లిలో నాకంటే ఎక్కువ ఏడ్చాడు. అయినా ఆ శనివారం సాయంత్రం మాటకు నేను ఆయన్ని పూర్తిగా క్షమించలేకపోయాను. పై అధికారి ముందు ఆయన నిస్సహాయత పెద్దయ్యాక నాకూ అర్థమైంది. జీపులో చోటు లేదన్నందుకు ఈనాటికీ కోపం లేదు. నేను తట్టుకోలేనని నా తరఫున తనే నిర్ణయించేసుకున్నాడే, ఆ గాయం మాత్రం మానలేదు. ఇప్పటికీ బండి చెడిపోయిందని ఎవరైనా అంటే, వాళ్లు నిజమే చెప్తున్నా, నా ప్రాణం ఒక్క క్షణం వీధిలోకి పరుగెత్తి చూసొస్తుంది.

ఇప్పుడు మా ఇంట్లో ప్రయాణాలు పెట్టేది నేనే. మనవల్ని, మేనకోడలి పిల్లల్ని వెంటేసుకుని ఎవరూ పెద్దగా వెళ్లని నది ఒడ్లకీ కొండలకీ వెళ్తుంటాం. బయల్దేరే ముందు పిల్లలందర్నీ కూర్చోబెట్టి ఎక్కడిదాకా వెళ్లగలమో అక్కడిదాకానే చెప్తాను. చోటు చాలకపోతే, ఈసారి నీకు చోటు లేదమ్మా అని ఆ పిల్లకే, ఆ పిల్ల ముఖం చూస్తూ చెప్తాను. కొందరు ఏడుస్తారు. ఏడుపు అయ్యేదాకా పక్కన కూర్చుంటాను.