ఒంటిచేతి అక్షరాలతో సికింద్రాబాద్‌కి

బండి ఎనిమిదింటికైతే నేను ఏడింటికే ఏలూరు స్టేషన్‌లో ఉన్నాను. ముందుగా వెళ్ళి కూర్చోవడం నాకు పాత జబ్బే గానీ, ఈసారి కంగారు బండి గురించి కాదు. సికింద్రాబాద్‌లో మా మనవరాలు నిస్సీతో మాట్లాడాలి. దానికి ఏడేళ్ళు. పుట్టుకతోనే వినపడదు. దాని మాటలన్నీ చేతులతోనే.

పోయిన క్రిస్మస్‌కి మా ఇంటికి వచ్చినప్పుడు నా ఎదురుగా నిలబడి ఏదో అడిగింది. నాకు అర్థం కాక తల ఊపి నవ్వాను. మళ్ళీ అడిగింది. మళ్ళీ ఊపాను. కాసేపు నా మొహంలోకి చూసి వెళ్ళిపోయింది. ఆ తరవాత ఉన్నన్నాళ్ళూ నాకు ఏదీ చెప్పడానికి రాలేదు. అది నన్ను చాలా బాధపెట్టింది. టీచరుగా రిటైరైన దాన్ని, అరవై ఏడేళ్ళ వయసులో ఫోన్‌లో వీడియోలు చూస్తూ చేతిభాష మొదలుపెట్టాను. మా అమ్మాయి సునీతకి కూడా చెప్పలేదు. వెళ్ళి అందరినీ ఆశ్చర్యపరుద్దామని నా డాబు. ఇప్పుడు సునీతకి సెలవు దొరకలేదు, బడి వదిలాక పిల్లని అయిదు రోజులు చూసుకోమంది. అంటే మధ్యాహ్నం నుంచి చీకటి పడేదాకా నేనూ అదీ ఇద్దరమే.

ఈ దారిన వెళ్ళేవాళ్ళకి ఒక మాట. విజయవాడలో బండి చాలాసేపు ఆగుతుంది, ఇడ్లీ అక్కడే తినేయండి. నేను కొని కూడా తినలేకపోయాను. కొంగు చాటున వేళ్ళతో అక్షరాలు వల్లె వేసుకుంటూ కూర్చున్నాను. ఖమ్మం వచ్చేసరికి సగం మర్చిపోయాను. మధిరలో వచ్చినవి ఖమ్మంలో రాకపోతే సికింద్రాబాద్‌లో ఏం వస్తాయి?

మధ్యాహ్నం వరంగల్‌లో ఒక అక్కా తమ్ముడూ ఎక్కి నా ఎదుట కూర్చున్నారు. కూర్చోగానే ఇద్దరి చేతులూ కబుర్లలో పడ్డాయి. దేవుడే పరీక్ష పెట్టాడనుకుని, ఆ అబ్బాయి నా వైపు చూసినప్పుడు చెయ్యెత్తి నా పేరు అక్షరాల్లో చెప్పాను. అతను కళ్ళు చిట్లించి అక్క వైపు తిరిగాడు.

“అమ్మా, నువ్వు చేస్తున్నది ఏందని అడుగుతున్నడు మా తమ్ముడు,” అంది ఆమె.

మనవరాలి సంగతి చెప్పాను. ఆమె అతనితో చేతులతో మాట్లాడి, ఎలా చెప్పాలో తెలియనట్టు నా వైపు చూసింది.

“గిది అమెరికా వాళ్ళదంటమ్మా. వాళ్ళు అక్షరాలు ఒక్క చేత్తోనే చేస్తరంట. మన దిక్కు రెండు చేతులు కావాలె. పాపకు సమజ్ కాదంటున్నడు.”

ఇన్ని నెలలు నేర్చుకున్నది వేరే దేశం భాష! పరీక్షకి తప్పు పుస్తకం చదువుకొచ్చిన పిల్లల్ని ఎందరినో చివాట్లు పెట్టాను నేను. కాజీపేటలో దిగి వెనక్కి వెళ్ళే బండి ఎక్కుదామా అనిపించింది.

“పరేషాన్ కాకమ్మా. సికింద్రాబాద్ ఇంక జెర దూరముంది గదా, ఇప్పుడే షురూ చెయ్,” అందామె.

ఆ అబ్బాయి నా పక్కకి వచ్చి కూర్చుని నీళ్ళు, అన్నం, నొప్పి నేర్పాడు. ‘మళ్ళీ చెప్పు’ అనేది నాలుగుసార్లు చేయించాడు. తరవాత ఏదో అడిగాడు.

“నీ పేరేందంటున్నడు. నోటి పేరు కాదమ్మా, సైగ పేరు. వాళ్ళల్ల ఒక్కొక్కరికి ఒక గుర్తు పెట్టుకుంటరు. నన్ను గిట్ల పిలుస్తడు,” అంటూ ఆమె ముక్కుపుడక మీద వేలు పెట్టుకుంది. “పాప నీకు సుత పెట్టే ఉంటది.”

మూడు దాటాక దిగి ఆటో ఎక్కి పద్మారావు నగర్ చేరాను. ఆ పూటకి ఇంట్లో ఉన్న అల్లుడు తలుపు తీశాడు. నిస్సీ తలుపు చాటునుంచి చూసి లోపలికి పోయింది. సునీత ఆఫీసునుంచి రాగానే, అది నన్ను ఏమని పిలుస్తుందో చెప్పమన్నాను.

“ఇప్పుడెందుకమ్మా అదంతా?” అంది. పట్టుబట్టాక నా వైపు చూడకుండా తలని రెండుసార్లు ఊపింది. “ఇదే. తల ఊపే అమ్మమ్మ.”

ఆ రాత్రి పక్కమీద ‘మళ్ళీ చెప్పు’ అనే సైగ ఒక్కటే వల్లె వేసుకున్నాను.

మర్నాడు ఇద్దరమే మిగిలాం. పాలు తాగి నిస్సీ నా ముందుకొచ్చి ఏదో అడిగింది. నా మెడ దానంతటదే కదలబోయింది. బలవంతంగా ఆపుకుని, చేతులతో ‘మళ్ళీ చెప్పు’ అన్నాను. దాని కళ్ళు పెద్దవయ్యాయి. మళ్ళీ చెప్పింది. అర్థం కాలేదు. మళ్ళీ అడిగాను. విసిగి గోడవైపు తిరిగి కూర్చుంది. ఇక అయిపోయిందనుకున్నాను. కాసేపటికి అదే లేచి వచ్చి, కీళ్ళు పట్టేసిన నా వేళ్ళని ఒక్కొక్కటీ సర్ది, నా చేతులతోనే ప్రశ్న చేయించింది. గోడమీది క్యాలెండర్ చూపించాక వెలిగింది. ఎన్ని రోజులుంటావని అడుగుతోంది! అయిదు వేళ్ళు చూపించాను. ముట్టుకుని లెక్కపెట్టుకుంది.

ఆ తరవాత నాకు తీరిక లేదు. మోండా మార్కెట్‌కి తీసుకెళ్తే కూరగాయకొక సైగ నేర్పింది. తప్పు చేస్తే నా చేతిమీద ఒక్కటి వేసేది. సాయంత్రం వచ్చినవి పొద్దున్నకి పోయేవి. రోజూ భయపడుతూనే లేచాను, ఈ రోజు ఏం మర్చిపోయానో అని.

తిరుగు ప్రయాణానికి అల్లుడు ఏసీ బోగీలో టికెట్ తీశాడు. ఈ వయసులో కొత్త చదువు ఎందుకని అడిగేవాళ్ళకి చెప్పడానికి నా దగ్గర గొప్ప జవాబేమీ లేదు. వచ్చింది కొంచెమే. భయమూ పోలేదు. బయలుదేరాలనుకునేవాళ్ళు మాత్రం నాలాగా డాబుకి పోకుండా ముందే ఎవరినైనా అడగండి.

కిటికీకి కదలని అద్దం. ప్లాట్‌ఫారం మీద అందరూ తమవాళ్ళకి ఏదేదో అరుస్తున్నారు, లోపలికి ఒక్క ముక్క వినపడటం లేదు. సునీత నోరు కూడా ఊరికే ఆడుతోంది. అల్లుడు నిస్సీని ఎత్తుకుని అద్దం దగ్గరికి తెచ్చాడు. అది రెండు చేతులూ ఖాళీ చేసుకుని, ముందు తల రెండుసార్లు ఊపింది. తరవాత, మళ్ళీ రా, మర్చిపోకు అంది. వస్తానన్నాను. బండి కదిలింది. అది చెబుతూనే ఉంది.

“పాప ఏమంటోందండీ?” అంది పక్క సీటావిడ.

“నన్ను పేరు పెట్టి పిలుస్తోందండీ,” అన్నాను.