ముందు మరుగు, తరువాతే మేడ

మా పెద్దమ్మ పోయిందని అన్న ఫోన్ చేసినప్పుడు నేను తమిళనాడులో మా ధర్మపురి బస్టాండులో సేలం బస్సు కోసం నిలబడి ఉన్నాను. పొద్దున ఇడ్లీ తిని, కాసేపు నడుము వాలుస్తానని పడుకున్నదట. మళ్ళీ లేవలేదు. ఎవరినీ కష్టపెట్టకుండా పోయింది. బతికినన్నాళ్ళు మాత్రం మేస్త్రిలను బాగానే కష్టపెట్టింది!

పెళ్ళయిన కొత్తలోనే పెద్దమ్మ ఇళ్ళ కట్టుబడిలో సిత్తాళుగా చేరింది. మేస్త్రి చేతికింద పనిచేసే కూలిమనిషిని మా వైపు అలా అంటారు. ఇసుక, ఇటుక, కలిపిన సిమెంటు, అన్నీ తలమీదే మోసేది. పక్కనే అదే బరువు మోసే మగవాడి కూలి మాత్రం ఆమెకు ఎన్నడూ రాలేదు. అయినా సాయంత్రం స్నానం చేసి, తలలో మల్లెపూలు పెట్టుకుని వాకిట్లో కూర్చుందంటే, ఆ రోజు మేస్త్రి ఎలా నడిచాడో, ఎలా తిట్టాడో చేసి చూపి మమ్మల్ని కడుపుబ్బ నవ్వించేది.

ఆ పనిలో ఆడవాళ్ళకు కూలి కన్నా పెద్ద బాధ ఇంకొకటి ఉండేది. ఎంత పెద్ద మేడ కడుతున్నా అక్కడ వాళ్ళకు మరుగుదొడ్డి ఉండేది కాదు. అందుకని పొద్దంతా నీళ్ళు తాగకుండా ఉండేవాళ్ళు. ఒకసారి కలెక్టరాఫీసు అవతల ఒక ఇంటి పనిలో, పెద్దమ్మతో ఇటుకలు మోస్తున్న అమ్మాయి ఎండకు కళ్ళు తిరిగి పడిపోయింది. పెద్దమ్మ పక్కనే ఉన్న యజమాని పాత ఇంటికి పోయి, బాత్రూము వాడుకోనివ్వమని అడిగింది. వెనక అంత ఖాళీ జాగా ఉంది కదా అని ఆయన భార్య తలుపు వేసుకుంది.

పెద్దమ్మ తిరిగొచ్చి మళ్ళీ ఇటుకలు ఎత్తుకుంది. స్లాబు పోసే రోజు దాకా ఆగింది. ఆ పని మొదలయ్యాక మధ్యలో ఆపడానికి వీల్లేదు. ఆ పొద్దున ఆడవాళ్ళందరినీ గేటు ముందు కూర్చోబెట్టింది.

"ఏమిది, లేయండి! మిక్సరు వచ్చేసినాది," అని అరిచాడు మేస్త్రి. ఆయనా మా తెలుగువాడే.

"లేస్తామన్నా. ముందు మాకొక మరుగు కట్టు."

"ఈ పొద్దేనా? రేపు చూస్తాము."

"అయితే స్లాబూ రేపే చూసుకో."

యజమాని పరుగున వచ్చాడు. కోప్పడ్డాడు, బతిమాలాడు, వేరేవాళ్ళను పిలిపిస్తానన్నాడు. "పిలవండి సార్, వాళ్ళకూ ఇదే కావల్ల," అంది పెద్దమ్మ ఎంతో మర్యాదగా. ఆయనకు నవ్వు ఆగలేదు. రేకులు తెప్పించాడు. గుంట తవ్వి, చుట్టూ రేకులు నిలబెట్టింది కూడా ఆ ఆడవాళ్ళే. తీరా తలుపు బిగించగానే అందరికన్నా ముందు లోపల దూరింది మేస్త్రి!

"చూడండే, మగోళ్ళకూ వస్తాదంట!" అని పెద్దమ్మ కేకేసింది. ఆ నవ్వులతోనే స్లాబు పని మొదలైంది.

ఆనాటి నుంచి ఏ పనికి పిలిచినా ఆమెది ఇదే షరతు. "ఇల్లు కట్టేదానికి వచ్చినాము, కడుపు బిగబట్టేదానికి కాదు," అనేది. కొందరు మేస్త్రిలు ఆమెను పిలవడం మానేశారు. కానీ మిగతా ఆడవాళ్ళూ అదే అడగసాగారు. ఇప్పుడు మా వైపు చాలాచోట్ల పునాది కన్నా ముందు ఆ రేకులే లేస్తాయి. కూలిలో తేడా ఇంకా పోలేదు. దాని కోసం చివరిదాకా పోట్లాడుతూనే ఉంది.

ఆమెను కడసారి చూడటానికి సిత్తాళ్ళంతా భోజనాల వేళ, పనిలోంచి అలాగే వచ్చారు. సిమెంటు చేతులతోనే కళ్ళు తుడుచుకున్నారు, ఆమె మాటలు తలుచుకుని నవ్వారు. ఇంతలో వాళ్ళను తిరిగి పనికి తీసుకుపోయే మినీలారీ హారన్ కొట్టింది. అందరూ వెనక ఎక్కి నిలబడ్డారు. ఒక చేత్తో కమ్మీ పట్టుకుని, రెండో చెయ్యి మా ఇంటి వైపు ఊపుతూ, బండి మలుపు తిరిగేదాకా అలాగే ఉన్నారు.