దిబ్బ మీద యానాదులు

మొన్న విజయవాడలో మా చెల్లెలింట్లో పేపరు తిరగేస్తుంటే, బందరు దాటాక సముద్రం ఒడ్డునున్న ఒక ఊళ్ళోని తెల్లదొరల సమాధుల ఫోటో కనబడింది. రాళ్ళు కడిగి, చుట్టూ కంచె వేసి ముచ్చటగా ఉంచారు. నా మనసెందుకు చివుక్కుమన్నదో చెల్లెలికి చెప్పలేకపోయాను.

తొంభైలలో టీచరుగా నా మొదటి ఉద్యోగం ఆ ఊళ్ళోనే. ఓడలొచ్చిన కాలంలో దొరలు కట్టిన గిడ్డంగి మొండిగోడల గురించి అందరూ చెప్పేవారు. వాళ్ళకంటే ఎంతో ముందునుంచీ ఆ ఉప్పుటేళ్ళ వెంట పీతలు పట్టుకుని బతికిన యానాదుల ఊసు మాత్రం ఎవరూ ఎత్తేవారు కాదు. వాళ్ళలో ఒక తాత, మనవరాలిని బడిలో చేర్చడానికొచ్చి నాతో మాట కలిపాడు. ఒక ఆదివారం సమాధుల వెనకనున్న ఇసుక దిబ్బకు తీసుకెళ్ళి, తన తల్లీ, తాతలూ, వాళ్ళ తాతలూ ఎక్కడెక్కడ ఉన్నారో వంగి వంగి చేత్తో చూపించాడు. దొరల గోతులు తవ్విందీ తమవాళ్ళేనట.

ఆ తర్వాత రొయ్యల చెరువుల జోరు వచ్చింది, నా ఈడువాళ్ళకు గుర్తుండే ఉంటుంది. ఆ దిబ్బను చెరువుకని తీసుకున్నది మావారి అన్నగారే. తాత వానలో తడుస్తూ మా ఇంటికొచ్చాడు.

"పంతులమ్మగారూ, అది మా శ్మశానమని ఒక్క కాగితం రాసిపెట్టండమ్మా, మండలాఫీసులో ఇచ్చుకుంటాం. దొరలకైతే రాళ్ళ మీద పేర్లున్నాయి. మాకు నోటిమాటే గదండీ."

బావగారితో మాట్లాడతానన్నాను. మాట్లాడలేదు, కాగితమూ రాయలేదు. ఇంట్లో గొడవలవుతాయని భయం. పది రోజులకు పొక్లెయిన్ దిగింది. కబురు తెలిసి నేను పరుగెత్తేసరికి తాత మట్టిలోంచి ఎముకలేరి తువ్వాల్లో పెట్టుకుంటున్నాడు.

"ఇందులో మా అమ్మెవరో తెలవట్లేదమ్మా" అన్నాడు. నన్ను పల్లెత్తు మాట అనలేదు. అనుంటే బాగుండేది.

ఆ వారంలోనే వాళ్ళు గుడిసెలు విప్పుకుని ఎటో వెళ్ళిపోయారు. హాజరు పిలిచేటప్పుడు మనవరాలి పేరు కొన్నాళ్ళు పిలిచి, చివరికి నా చేత్తోనే కొట్టేశాను. రోగాలొచ్చి రొయ్యలూ పోయాయి. బావగారు రెండువేల సంవత్సరం దాటగానే చెరువు వదిలేశారు. ఉప్పు తేలిన ఆ గుంటలో గడ్డయినా మొలవలేదు.

ఇప్పుడు ఆ తీరానికి పాత సంగతులు రాసుకోవడానికి ఎవరెవరో వస్తున్నారట. మా రోజుల్లో అంత ఆసక్తి మాకెక్కడిది? ఆ నీళ్ళకూ, ఆ ఇసుకకూ వాళ్ళు ఏ పేర్లు పెట్టుకున్నారో, మొదట ఎటునుంచి వచ్చారో, అడగవలసినవన్నీ ఈ వయసులో నాకు తోస్తున్నాయి. చెప్పేవాళ్ళు మాత్రం ఆ ఒడ్డున ఒక్కరూ లేరు.