మరక పడని కాగితం

పదవీ విరమణకు ఇంకా కొన్నేళ్ళు ఉండగా, అరవ లెక్కలో ఆడి అనే ఆషాఢ మాసం మొదట్లో, వేలూరులోని మా పెద్దాసుపత్రి వాళ్ళు నన్ను గుడియాత్తం శాఖకు వేశారు. వారానికి రెండు రోజులు అక్కడ, మిగిలిన రోజులు వేలూరులో. హోదా సీనియర్ డైటీషియన్. పేరు గొప్పదే కానీ గుడియాత్తంలో నా కింద పనిచేసేవాళ్ళు ఎవరూ లేరు. ఒక బల్ల, బరువు తూచే యంత్రం, నడుము కొలిచే టేపు, ఇవే నా పరివారం.

డైటీషియన్ పని బయటివాళ్ళకు అంతగా తెలియదు. డాక్టరు చీటీ మీద "లో-ఫ్యాట్ డైట్" అని రాసి రోగిని మా దగ్గరికి పంపుతాడు. అంటే నూనె, నెయ్యి, కొవ్వు తగ్గించిన భోజనం. ఆ రెండు ముక్కలను రోగి ఇంటి పొయ్యి దాకా చేర్చడం మా పని. ముందు చెప్పులు విప్పించి బరువు తూస్తాం, నడుము కొలుస్తాం. తర్వాత నిన్న పొద్దున లేచినప్పటి నుంచి పడుకునేదాకా నోట్లో పడినవన్నీ ఒక్కొక్కటే చెప్పిస్తాం. చాలామంది ఇడ్లీలు చెబుతారు, వడ మరిచిపోతారు. మరిచిపోయిన ఆ వడను బయటికి రప్పించడంలోనే డైటీషియన్ నేర్పు ఉంది.

గుడియాత్తం నా సొంత ఊరు. బజారు వీధిలో మాది చెనిక్కాయ, అంటే వేరుశనగ నూనె అంగడి. నూనె అమ్మిన డబ్బుతో చదువుకుని, నూనె తగ్గించండని చెప్పి జీతం తీసుకున్నదాన్ని. అంగడి చూసుకునే మా అన్న ఈ సంగతి మీద రోజుకు ఒకసారైనా నన్ను పొడవకుండా అన్నం తినేవాడు కాదు. "ఏమే, నువ్వు చెప్పే మాట ఊరంతా వినిందంటే మనం తలుపులేసుకొని యాడికన్నా పోవాల్సిందే" అనేవాడు. ఊరంతా వినే ప్రమాదమేమీ లేదని నేను ధైర్యం చెప్పేదాన్ని.

అంగడి నుంచి నేను ఉద్యోగంలోకి రెండు అలవాట్లు మోసుకొచ్చాను. ఒకటి బేరం. రోగి రోజుకు నాలుగు చెంచాల నూనె దగ్గర ఆగాలని నాకుంటే, రెండు చెంచాల దగ్గర మొదలుపెడతాను. అతను ఆరు అంటాడు. నేను గుండె పట్టుకుంటాను. చివరికి నాలుగు దగ్గర ఇద్దరం గెలిచినట్టు లేస్తాం. రెండోది కాగితం పరీక్ష. మా నాన్న చెనిక్కాయలు కొనేటప్పుడు ఒక పప్పును కాగితంలో పెట్టి నలిపి, మరక ఎంత వెడల్పున పాకిందో చూసి ధర చెప్పేవాడు. దాన్నే నేను రోగులకు నేర్పాను. "మురుకు పొడిగానే ఉంది కదా, దాంట్లో నూనె యాడుంది?" అని వాదించేవాళ్ళ ముందు ఆ మురుకును కాగితంలో పెట్టి అదిమేదాన్ని. మరక చూశాక వాదన ఉండేది కాదు. వేలూరులో మా చీఫ్ డైటీషియన్ ఈ పద్ధతిని మెచ్చుకుని కొత్తగా చేరినవాళ్ళకు చూపించమన్నారు. నేను వారం రోజులు తల కొంచెం ఎత్తుకునే తిరిగాను.

మునిరత్నం మేస్త్రి నా దగ్గరికి వచ్చింది ఆ రోజుల్లోనే. కే.వి.కుప్పం పక్క పల్లె. యాభై దాటిన మనిషి, ఇళ్ళు కట్టే పనిలో పెద్ద జట్టును నడిపేవాడు. బొడ్డు దగ్గర హెర్నియా. అంటే కడుపు గోడ ఒకచోట బలహీనపడి, లోపలి పేగు బయటికి ఉబికి రావడం. ఆపరేషన్ చేసి అక్కడ వల లాంటిది పెట్టి కుట్టాలి. పొట్టలో కొవ్వు అంతగా ఉంటే కుట్టు నిలవదనీ, ఏడెనిమిది కిలోలు తగ్గి వస్తేనే కత్తి పడతాననీ సర్జన్ చెప్పారు. అప్పటిదాకా బరువు ఎత్తకూడదు, సారం ఎక్కకూడదు. సారం అంటే గోడ కట్టేటప్పుడు నిలబడడానికి కట్టే కర్రల మంచె.

మేస్త్రికి భయం హెర్నియా మీద కాదు, సారం మీద. "కింద నిలబడి అరిచేవాణ్ణి ఎవరమ్మా మేస్త్రి అంటారు? కుర్రోళ్ళు ఇప్పుడే నవ్వుతా ఉండారు. ఇంకో రెణ్ణెల్లు పోతే జట్టు ఇంకొకడి ఎనకాల పోతాది" అన్నాడు. ఆయన భార్య సరోజమ్మ పక్కనుంచి, "నవ్వేది నీ పొట్టను చూసిలే నాయనా, అరుపును చూసి కాదు" అంది.

నేను మామూలుగా రెండు చెంచాల దగ్గర బేరం మొదలుపెట్టాను. మేస్త్రి ఎదురు మాట అనలేదు. "సరేనమ్మా" అన్నాడు. అడిగిన ధర ఇచ్చేసి వెళ్ళిపోయే గిరాకీని చూసి అంగడివాడికి సంతోషం కంటే అనుమానమే ఎక్కువ కలుగుతుంది. కాగితం పరీక్ష మాత్రం ఆయనకు బాగా నచ్చింది. గుండు దారం వేలాడదీసి గోడ నిటారుగా ఉందో లేదో చూసే మనిషికి కంటికి కనిపించే కొలత దొరికింది. ఒక మురుకును తానే అదిమి, వెలుతురుకు ఎత్తి చూసి, తల ఊపాడు.

నెల తర్వాత వచ్చాడు. తూస్తే రెండు కిలోలు పెరిగాడు. యంత్రం మీద అనుమానంతో నేను ఎక్కి చూసుకున్నాను. యంత్రం బాగానే ఉంది, నా గురించి కూడా నిజమే చెప్పింది. పరగడుపున తీసిన రక్తంలో ట్రైగ్లిజరైడ్లు, అంటే రక్తంలో తిరిగే ఒక రకం కొవ్వు, మునుపటి కంటే ఎక్కువయ్యాయి. నూనె మానిన మనిషి రక్తంలో కొవ్వు పెరిగింది.

సర్జన్ కాగితాలు చూసి, ఈయన చెప్పేది అబద్ధమని తేల్చారు. "సూచనలు పాటించడం లేదు" అని కేస్ షీటులో రాయబోయారు. ఆ మాట పడిందంటే రోగి ఆపరేషన్ వరుసలో అడుగుకు పోతాడు. నేను అడ్డుపడితే, ఒక్క నెలలో తగ్గి చూపించమనండి అన్నారు. నేను ఆరు నెలలు అడిగాను. మూడు దగ్గర తెగింది. నాకు కావలసింది మూడే.

గదిలోకి తిరిగి వచ్చేసరికి సరోజమ్మ మండిపడుతూ ఉంది. "అక్కా, అబద్ధమంటారా? మా ఇంట్లో ఆవాలు చిటపటమని నెలాయె. ఉడకబెట్టిన కూర తినలేక నా కొడుకు హోటలుకు పోతా ఉండాడు. ఈయప్ప మాత్రం నోరెత్తకుండా తిన్నాడు" అంది. మేస్త్రి నేల చూస్తూ కూర్చున్నాడు. నిన్నటి భోజనం మళ్ళీ చెప్పించాను. ఇడ్లీ, చారన్నం, ఉడకబెట్టిన కూర. నూనె లేదు, వేపుడు లేదు. మరిచిపోయిన వడ కోసం ఎంత వెతికినా దొరకలేదు. ఇంకొక రోగి వేచి ఉండడంతో వాళ్ళను భోజనం తర్వాత రమ్మన్నాను.

పదకొండున్నరకు టీ కోసం ఆసుపత్రి ఎదురుగా ఉన్న అంగడికి వెళ్ళాను. బెంచీ మీద మేస్త్రి కూర్చుని ఉన్నాడు. ఒక చేతిలో బన్ను, మోకాలి మీద పాత వార్తాపత్రిక ముక్క. బన్ను అంచును దానిమీద పెట్టి బొటనవేలితో బలంగా అదిమాడు. కాగితాన్ని ఎండకు ఎత్తి ఒక కన్ను మూసి చూశాడు. తర్వాత నిశ్చింతగా బన్ను తినడం మొదలుపెట్టాడు.

నన్ను చూసి లేచి, "చూడండమ్మా, మరక లేదు" అని కాగితం చూపించాడు. అబద్ధాలకోరని ముద్ర పడబోయిన మనిషి సాక్ష్యం చూపించినట్టు చూపించాడు.

రోజుకు ఎన్ని తింటావని అడిగాను. పదకొండింటికి రెండు, సాయంత్రం రెండు. అదీ చాలకపోతే రస్కులు. బెల్లం వేసిన బొరుగుల ఉండలు. అరటిపండ్లు. "పండు మొదట మరక పడినట్టే ఉంటాదమ్మా, కానీ అది నీళ్ళ మరక, ఆరితే పోతాది. నేను ఆరిందాకా కాచుకొని తింటా" అన్నాడు. మరి ఇవన్నీ నాకెందుకు చెప్పలేదు? "మీరు భోజనం అడిగినారు. ఇది టీ కదా!"

టీ సంగతి ఇంకా బాగుంది. పాల చుక్క వేసి చూస్తే కాగితం మీద జిడ్డు నిలిచిందట. అందుకని పాలు మానేసి వట్టి టీ తాగుతున్నాడు. చేదుగా ఉంటుందని చక్కెర రెండింతలు. కోడిగుడ్డు పచ్చసొన మరక పడింది, మానేశాడు. చెరువు చేప మరక పడింది, మానేశాడు. ఉడకబెట్టిన చెనిక్కాయలు మరక పడ్డాయి, అవీ పోయాయి. "ఆకలైతే ఏం చేస్తావు?" అన్నాను. "ఆకలా? తిన్న గంటకే కడుపులో ఎవరో తలుపు తట్టినట్టు ఉంటాదమ్మా. అన్నం ఇంకో రెండు గరిటెలు ఏసుకుంటా. అన్నానికి మరక లేదు కదా."

అక్కడే నిలబడి నేను నవ్వాను. నవ్వింది ఆయన మీద కాదు. చీఫ్ డైటీషియన్ మెచ్చుకున్న పరీక్షను ఊరి మొత్తంలో తు.చ. తప్పకుండా పాటించినవాడు ఈయన ఒక్కడే, పెరిగినవాడూ ఈయనే.

నూనె తీసేస్తే తిండిలో ఒక ఖాళీ ఏర్పడుతుంది. కూరలు, పప్పులు, గుడ్డు తెల్లసొన, నూనె లేని చేప పులుసు లాంటివాటితో ఆ ఖాళీ నింపిన రోగులు తగ్గడం నేను ఎన్నోసార్లు చూశాను. పిత్తాశయంలో రాళ్ళతో నొప్పి పడేవాళ్ళకైతే కొవ్వు తగ్గించడం తప్పనిసరి కూడా. మేస్త్రి ఆ ఖాళీని చక్కెర, మైదా, అన్నంతో నింపాడు. నూనెతోపాటు కడుపులో నిలిచే తిండి కూడా పోయింది, అందుకే గంటకోసారి ఆకలి. ఎక్కువైన చక్కెరను, పిండిని శరీరం కొవ్వుగా మార్చి కొంత రక్తంలోకి, కొంత పొట్టకు పంపింది. రిపోర్టులో తప్పు లేదు. మేస్త్రి మాటలోనూ తప్పు లేదు.

భోజనం తర్వాత ముగ్గురం మళ్ళీ కూర్చున్నాం. ఈసారి ఆయన చేత బేరం ఆడించాలని నిశ్చయించుకున్నాను. బేరమాడని గిరాకీ సరుకును ఇంటికి తీసుకెళ్ళి ఏం చేస్తాడో తెలియదు.

పదకొండింటి బన్ను నాకు ఇచ్చేయమన్నాను. బదులుగా గుప్పెడు ఉడకబెట్టిన చెనిక్కాయలు ఇస్తానన్నాను. "మరక!" అన్నాడు. మరక పడనీ అన్నాను. అప్పుడు కొంచెం ముందుకు జరిగి కూర్చున్నాడు. గుడ్డు పచ్చసొనతో సహా వెనక్కి ఇచ్చి, రస్కులు తీసుకున్నాను. పాల టీ ఇచ్చి, చక్కెరలో సగం కంటే ఎక్కువ కోశాను. ఆరు ఇడ్లీలు అడిగాడు, మూడు ఇచ్చి తోడుగా ఊరిబిండి వేశాను. ఊరిబిండి అంటే చెనిక్కాయలు నూరి చేసే పచ్చడి, మేస్త్రి ముఖం వెలిగింది. నూనె రోజుకు నాలుగు చెంచాలు. అన్నం రెండు గరిటెలు తగ్గాలి, కూర రెండింతలు కావాలి. చేప రావచ్చు, పులుసులో మాత్రమే, నూనె సట్టిలోకి కాదు.

"ఆదివారం బిర్యానీ?" అన్నాడు. నెలకొకసారి అన్నాను.

"రెణ్ణెల్లకొకసారి" అంది సరోజమ్మ.

"ఏమే, నువ్వు ఎవరి పక్క?"

"సారం పక్క" అంది ఆమె. బేరం అక్కడ ముగిసింది.

మొదటి రెండు వారాలు బరువు కదలలేదు. మేస్త్రి ముఖం వాడిపోయింది. పెరగడం ఆగింది కదా, వెనక్కి తిరగాలంటే బండి ముందు ఆగాలి కదా అన్నాను. ఆ మాటకు ఆయన పెద్దగా సంతోషించలేదు. కానీ పదకొండింటికి తలుపు తట్టడం లేదని ఒప్పుకున్నాడు. తర్వాత ముల్లు దిగడం మొదలైంది. మూడో నెల చివరికి రక్తంలో కొవ్వు సర్జన్‌కు నచ్చే చోటికి వచ్చింది, నడుము టేపు బాగా వెనక్కి జరిగింది. బరువు మాత్రం అడిగినదానికి ఒక కిలో తక్కువగా తగ్గింది. నేను సర్జన్ గదికి వెళ్ళి, నడుమును చూడండి, రక్తాన్ని చూడండి, ఆ ఒక్క కిలో వదిలేయండి అన్నాను. ఇందులో కూడా బేరమా అని ఆయన నవ్వి తేదీ రాశారు.

ఆపరేషన్ సవ్యంగా జరిగింది. కొన్ని నెలలు బరువు ఎత్తకూడదన్నారు, ఎత్తలేదు. మరుసటి ఏడు నేను బస్సులో కాట్పాడి వైపు వెళ్తుంటే, రోడ్డు పక్కన కడుతున్న భవనం రెండో అంతస్తు సారం మీద మేస్త్రి కనిపించాడు. కింద ఉన్న కుర్రాళ్ళ మీద అరుస్తున్నాడు. ఎవరూ నవ్వడం లేదు.

మా అన్నకు ఈ సంగతంతా చెప్పాను. "అంటే ఇప్పుడు నూనె మంచిదనేగా నువ్వు చెప్పేది? అంగడి ముందర బోర్డు రాయిస్తా, నీ పేరుతో" అన్నాడు. నేను నాలుగు చెంచాలని చెప్పాను. బోర్డులో చెంచాల లెక్క కూడా రాయించమన్నాను. రాయించలేదు.

ఈ ఉదంతం తర్వాత నా పనిలో మారింది రెండే. రోగి నూనె మానేశానని చెబితే ఎంత మానాడని నేను ముందు అడగను, ఆ చోట ఏం తింటున్నాడని అడుగుతాను. భోజనంతోపాటు టీ గురించి కూడా విడిగా అడుగుతాను. కాగితం పరీక్షను మానలేదు, కొత్తవాళ్ళకు నేర్పడమూ మానలేదు. మురుకు పక్కన ఒక బన్నును కూడా అదిమి చూపిస్తాను. కాగితానికి తెలిసింది నూనె ఒక్కటే. మిగిలింది మనిషిని అడిగి తెలుసుకోవాలి.