అడగకుండా తుడిచిన పేర్లు

మా కంప్యూటరు బాబు పోయాడని మొన్న కబురొచ్చింది. ఆయన నాకు చుట్టం కాదు. ఎనభైల చివర్లో హార్బరు దగ్గర ఒక ఆఫీసులో ఆయన కంప్యూటర్లు చూసేవాడు, నేను ఊడ్చేదాన్ని.

గోదావరి వైపు మనిషి. కంప్యూటరు గదిలోకి చెప్పులు విప్పి రమ్మనేవాడు, ముందు తనే విప్పేవాడు. నేల మీద ఏ కాగితం ముక్క కనబడినా నేను పారేసేదాన్ని కాదు, పని పోతుందేమోనని భయం. "బాబూ, ఇది కావాలేటి?" అని రోజుకి పదిసార్లు అడిగినా విసుక్కోలేదు.

"నీ భయం మంచిదే అక్కా. ఈ మిషన్లో పేరుకున్న పనికిరాని ఫైళ్ళు తుడవడానికి ఒక ప్రోగ్రాం రాస్తున్నాను. అదీ నీలాగే ప్రతి ఫైలు దగ్గరా ఆగి, తీసేయనా అని అడుగుతుంది."

అడిగేది కూడా. కానీ వందల ఫైళ్ళకి కూర్చుని జవాబు నొక్కాలి. పై ఆఫీసరుకి ఓపిక లేదు. "ఏడాదిగా ఎవరూ ముట్టనివి ఎవరికి కావాలయ్యా? ఆ అడగడం తీసెయ్" అన్నాడు. నేను అక్కడే బల్ల తుడుస్తున్నాను. బాబు నా వంక చూశాడు. నేను తల దించుకుని గుడ్డ పిండుకున్నాను. ఆయన ఆ అడగడం తీసేశాడు.

ఆ తుడుపులో మా రోజుకూలీ ఆడవాళ్ళ పాత ఏళ్ళ హాజరు జాబితా పోయింది. ఎవరెన్నాళ్ళు చేశారో అందులో చూసే పర్మినెంటు చేస్తామన్నారు. ఏడాదిగా మా ఊసు ఎవరికీ పట్టలేదు, అందుకే ఆ ఫైలూ ఎవరూ ముట్టలేదు. కంప్యూటరు వచ్చింది కదా అని పాత హాజరు పుస్తకాలు ముందే కాల్చేశారు. నకలు తీసిన ఫ్లాపీ సముద్రపు గాలికి బూజుపట్టి పనిచెయ్యలేదు.

మేం అన్నాలు తినేచోటికి బాబు వచ్చి నేల మీద కూర్చున్నాడు. తప్పు నాదే అన్నాడు. ఆఫీసరు చెప్పాడన్న మాట ఎత్తలేదు. యారాడ నుంచి వచ్చే మా తోటిమనిషి చేతిలో ముద్ద కింద పెట్టింది.

"ఊడిసేవోళ్ళం, మాకే తెలుసు గదా బాబూ అడగాలని. సదూకున్నోడివి, నీకు తెల్దా?"

తర్వాత ఆదివారాలన్నీ ఆయన వన్ టౌన్ సందుల్లో, యారాడలో మా ఇళ్ళ చుట్టూ తిరిగాడు. తేదీలున్న పాత గేటు పాసులు ఏరి పేర్లు మళ్ళీ ఎక్కించాడు. నేను నా పాసులన్నీ బియ్యం డబ్బాలో దాచుకున్నాను, పర్మినెంటయ్యాను. యారాడ మనిషివి తుపానులో తడిసి ముద్దయిపోయాయి. "ఈవిడ ఆరేళ్ళు చేసిందండీ, నేను సాక్షి" అని బాబు ఆఫీసరు ముందు నిలబడ్డాడు. కాగితం తెమ్మన్నాడు ఆఫీసరు. ఆమెను పనిలోంచి తీసేశారు.

ఆ తర్వాత కొత్తగా చేరిన ప్రతివాళ్ళకీ బాబు ఒకటే చెప్పేవాడు: "ఎవరూ తెరవలేదంటే ఎవరికీ అక్కర్లేదని కాదండీ."

మొన్న బాబు శవం దగ్గరికి యారాడ మనిషి కూడా వచ్చింది. నా పక్కనే అరుగు మీద కూర్చుంది. ఇన్నేళ్ళూ నన్ను తినేస్తున్న మాట ఇక దాచలేకపోయాను.

"అడగడం తీసేయమన్నప్పుడు బాబు నా మొకం సూశాడే. వద్దనుంటే ఆగేవోడేమో. నాను నోరిప్పలేదు."

ఆమె నా వైపు తిరిగింది.

"నీ తప్పు కూడా ఆడొక్కడే మోసినాడన్నమాట" అంది.

లేచి అవతలి గుమ్మం దగ్గరికి పోయి కూర్చుంది. పాడె లేపాక వీధి మలుపుదాకా వెనకే నడిచింది. మగవాళ్ళు ముందుకి వెళ్ళిపోయారు. ఆమె అక్కడే, దారిలో రాలిన పువ్వుల మధ్య, నాకు వీపు తిప్పి నిలబడింది.