పిన్నులు కొట్టిన అధ్యాయం

మా పుస్తకాల గుంపుకి పేరు లేదు. మొదటిసారి కూర్చున్నప్పుడు పేరు పెడదామనే అనుకున్నాం గానీ, ఆ ఒక్క విషయం మీదే రెండు ఆదివారాలు కొట్టుకున్నాక, ఇలాగైతే ఇక పుస్తకాలు చదివినట్టేనని వదిలేశాం. బెంగళూరు బ్రూక్‌ఫీల్డ్‌లో మేముండే అపార్ట్‌మెంటులో తెలుగు చదవగలిగినవాళ్ళం ఏడెనిమిది మందిమి, జిమ్ము పక్కనున్న గదిలో ఆదివారం సాయంత్రాలు కలుస్తాం. గోడకి అవతల ఎవరో ఒకరు ట్రెడ్‌మిల్లు మీద పరిగెడుతూ ఉంటారు. ఇవతల మేం, కథలో ఆ పిల్ల ఇల్లు వదిలి వెళ్ళడం తప్పా ఒప్పా అని గొంతులు పోగొట్టుకుంటూ ఉంటాం.

పుస్తకం ఎంచడం వంతులవారీగా జరుగుతుంది. ఎవరి వంతు వస్తే వాళ్ళు తమకి నచ్చిన పుస్తకం కొని తేవాలి. ఒకటే కాపీ. అది గుడ్డ సంచిలో ఇంటింటికీ తిరిగి, అందరూ చదవడం అయ్యాక కూర్చుని మాట్లాడుకోవాలి. ఈ ఒకటే కాపీ పద్ధతి పెట్టింది మాలో పెద్దాయన, కడప వైపు నుంచి వచ్చి ఇక్కడే బ్యాంకులో రిటైరైనాయన. ఎవరి కాపీ వాళ్ళు కొనుక్కుంటే అది అలమరలో పడి ఉంటుందని, పక్కింటివాళ్ళు సంచి కోసం కాచుకుని ఉంటే సిగ్గుకైనా చదువుతామని ఆయన వాదన. ఆయన చెప్పినవాటిలో నేను ఒప్పుకున్నవి తక్కువ. అందులో ఇదొకటి.

ఎంచినవాళ్ళు చదివాక సంచి మొదట మా ఇంటికే వచ్చేది. నేను నిదానంగా చదువుతాను. మా పుట్టింటివాళ్ళు దొడ్డబళ్ళాపురంలో మగ్గాలవాళ్ళు. ఇంట్లో మాట తెలుగు, బడిలో చదువు కన్నడం. తెలుగు అక్షరాలు పెళ్ళయ్యాక వారపత్రికలు ముందేసుకుని నేర్చుకున్నాను. అందుకని, ఇంకా ఎవరికీ తొందర పుట్టకముందే నాకు ఇచ్చేసేవారు.

మా ఆయన పేటలో పట్టునూలు వ్యాపారం చేసినవారు. పుస్తకం ముట్టేవారు కాదు. మా గుంపుని "మీ పంచాయితీ" అనేవారు. కానీ సాయంత్రం కాఫీ దగ్గర మాత్రం "ఏమే, ఆ పిల్ల కథ యాడిదాకా వచ్చింది?" అని అడక్కుండా ఉండలేకపోయేవారు. నేను చెబుతుంటే మధ్యలో ఆపి జోస్యం చెప్పేవారు. "ఆ మొగోడు రంగు దిగే రకం. చూస్తా ఉండు." ఆ జోస్యం చాలాసార్లు తప్పేది. తప్పినప్పుడల్లా, రాసినాయనకి మనుషుల సంగతి తెలీదని తీర్మానించేవారు.

పోయినేడు వానలకి ముందు ఆయన పోయారు. గుండె జబ్బు. ఆసుపత్రిలో కొన్నాళ్ళు ఉన్నారు, కోలుకుంటున్నారని అందరం అనుకుంటుండగా ఒక మధ్యాహ్నం అయిపోయింది.

మా గుంపువాళ్ళు ఏ లోటూ చేయలేదు. ఇంటికి అన్నం పంపారు, పనులన్నిటికీ దగ్గరుండి నిలబడ్డారు. కొన్నాళ్ళ తర్వాత నేను మళ్ళీ ఆదివారాలు వెళ్ళడం మొదలుపెట్టాను. అప్పటికి వరసలో నా ఇల్లు చివరికి మారింది. నాకు కాస్త తీరిక ఇవ్వాలనుకున్నారు కాబోలు, మంచిదేగా అనుకున్నాను.

ఆ తర్వాత మా ఇంటికి వచ్చిన పుస్తకాల సంగతి చెప్పాలి. మొదట నవ్వుల కథలు. తర్వాత హిమాలయాలెక్కిన ఒకాయన అనుభవాలు. ఆయన మంచులో జారాడు గానీ ఏమీ కాలేదు. తర్వాత ఒక పిల్లి గురించి. ఆ పిల్లి కూడా చివరి పేజీ దాకా నిక్షేపంగా ఉంది. ఎప్పుడూ లావుపాటి చరిత్ర పుస్తకాలు మా నెత్తిన రుద్దే బ్యాంకాయన తన వంతుకి వంటల పుస్తకం తెచ్చారు. అప్పుడైనా నాకు అనుమానం రావాల్సింది. చరిత్రలో అందరూ పోయినవాళ్ళే కదా మరి.

ఏడాది పాటు నేను చదివిన పుస్తకాల్లో ఒక్క ప్రాణం పోలేదు. అది నాకు అప్పుడు తట్టలేదు. నాకు తట్టింది వేరే. నేను గదిలోకి వెళ్ళగానే మాటలు ఒక్క క్షణం ఆగేవి. లిఫ్టులో ఎవరైనా కలిస్తే "బాగున్నారా" అని, నేను జవాబు చెప్పేలోపే అంతస్తుల అంకెల వైపు చూసేవారు. ఇంట్లో మా అమ్మాయి కూడా అంతే. బెళ్ళందూరులో ఆఫీసు నుంచి వస్తుంది, ట్రాఫిక్ గురించి చెబుతుంది, తిన్నావా అని అడుగుతుంది. నాన్న అనే మాట మాత్రం దాని నోట్లోంచి రాదు. నేను ఎత్తబోతే లేచి ఏదో పని పెట్టుకుంటుంది. అది ఏడుస్తుందేమోనని నేనూ మానేశాను. ఇన్నేళ్ళు నాతో బతికిన మనిషి గురించి మాట్లాడటానికి ఈ ఊళ్ళో నాకు ఒక్కరూ లేరు. ఎవరైనా ఒక్క మాట అడిగితే బాగుండునని ఉండేది. అడగమని ఎలా అడుగుతాం?

ఆ తర్వాత కర్నూలు అమ్మాయి వంతు వచ్చింది. మా అందరిలోకీ చిన్నది, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, నోరు మంచిది. చిన్న ఊళ్ళో బడి నడుపుకునే ఒక ఆడమనిషి గురించిన నవల తెచ్చింది. సంచి అన్ని ఇళ్ళూ తిరిగి చివరికి నా దగ్గరికి వచ్చింది. నాకు నచ్చింది. ఆ నవలలో మొగుడూ పెళ్ళాలు ప్రతి చిన్నదానికీ దెప్పుకుంటారు, మా ఇంట్లో లాగే.

సగం దాటాక కొన్ని పేజీలు తిరగలేదు. అచ్చులో అతుక్కున్నాయనుకుని వేలితో లాగాను. రాలేదు. కళ్ళద్దాలు సర్దుకుని చూస్తే, ఆ అధ్యాయం మొత్తాన్ని దగ్గరకి చేర్చి, అంచు పొడుగునా స్టేప్లర్ పిన్నులు కొట్టి ఉన్నాయి. కొత్త పిన్నులు, తళతళలాడుతున్నాయి. జన్మంతా నూలు మూటలు కట్టిన ఇంట్లో బతికినదాన్ని; కావాలని కట్టిన కట్టు ఎలా ఉంటుందో నాకు తెలీకపోదు.

కూరగాయల కత్తి మొనతో ఒక్కొక్కటే ఊడబెరికాను. డైనింగ్ టేబుల్ దగ్గర, మిట్టమధ్యాహ్నం, కుక్కర్ ఆపేసి చదివాను. ఆ అధ్యాయంలో ఆవిడ భర్త ఆసుపత్రిలో పోతాడు. నర్సు వచ్చి ఆయన చొక్కా ఒక ప్లాస్టిక్ కవర్లో పెట్టి ఇస్తుంది. ఇస్త్రీ చేసినట్టు మడత పెట్టి ఉంటుంది. ఆవిడకి ఏడుపు రాదు, కోపం వస్తుంది: నా మొగుడి చొక్కా మడత పెట్టడానికి నువ్వెవరు అని.

నాకూ ఒక కవరు ఇచ్చారు. నాకూ సరిగ్గా అదే కోపం వచ్చింది. అది నా తిక్క అనుకుని ఎవరికీ చెప్పలేదు. ఆ పేజీలు మళ్ళీ చదివాను, మళ్ళీ చదివాను, బాగా ఏడ్చాను. అంతకు ముందు ఏడవలేదని కాదు. ఈసారి పక్కన ఒకరు కూర్చుని ఉండగా ఏడ్చినట్టు అనిపించింది. ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

ముక్కు తుడుచుకున్నాక వచ్చింది అసలు కోపం. నాకు దొరకాల్సిన ఆ ఒక్క తోడునీ పిన్నులు కొట్టి మూశారు, అది కూడా నా మంచి కోసం!

ఆ ఆదివారం పుస్తకం చంకలో పెట్టుకుని వెళ్ళాను. అందరూ మొదటి అధ్యాయాలు మెచ్చుకున్నారు, ముగింపు మెచ్చుకున్నారు, మధ్యలో బడి గొడవ గురించి గంటసేపు మాట్లాడారు. ఆ అధ్యాయం ఊసు ఎవరూ ఎత్తలేదు. నా వంతు వచ్చింది.

"నాకొక అనుమానం ఉండాదప్పా" అన్నాను. "ఒక అధ్యాయంలో మొగుడు ముందర కూర్చోని కాఫీ తాగతా ఉండాడు. దాని ఎనకే చూస్తే ఆయమ్మ ఒంటిగా ఇల్లు ఖాళీ చేస్తా ఉండాది. నడిమధ్యన ఆయప్ప యాడికి పోయినాడని అనుకోవల్ల నేను? కాశీకా?"

ఎవరూ నవ్వలేదు.

కర్నూలు అమ్మాయి తల వంచుకుంది. "నీ దగ్గరికి పంపే ముందర నేనేక్కా పిన్నులు కొట్టింది. ఆ నవల చదివి శానా ఏండ్లయింది. అది ఉందని మతికి రాలేదు. కొన్నాక చూసి భయమేసింది."

"ఆ పాప ఒక్కతే కాదుమ్మా" అన్నారు బ్యాంకాయన. "అందరం కలిసి అనుకున్న మాటే అది."

మా ఎదురు ఫ్లాటులో ఉండే పాలమూరు ఆవిడ అందుకుంది. మాలో ఏదీ దాచుకోని మనిషి ఆవిడే. "వరుస గూడ నేనే మార్పిచ్చిన అక్కా. ముందుగాల మేమందరం సదివి, సావులు గీవులు లేవని సూసినంక నీకు పంపాలని. నిన్ను ఏడిపిచ్చుడు ఎందుకని."

అంటే ఏడాదంతా మా ఇంటికి వచ్చిన ప్రతి పుస్తకాన్నీ ఇంతమంది వడబోసి పంపారన్నమాట. వాళ్ళ ముఖాలు చూస్తే తిట్టబుద్ధి కాలేదు. అయినా తిట్టాను.

"ఏడిస్తే ఏమవుతాది? ఇంట్లో నేను ఏడవకుండా ఉండానని మీకెవురు చెప్పిరి? పుస్తకాల్లో సావులు తీసేసినారు, సరే. మా ఇంట్లో పోయిండే మనిషిని ఏం చేస్తారు? ఏడాదాయ, మీలో ఒక్కరన్నా ఆయన మాట ఎత్తితిరా? ఆయనకి కూడా పిన్నులు కొట్టేస్తిరి గదప్పా!"

కూర్చున్నాను. ఇక ఈ గుంపులో ఇదే నా చివరి రోజు అనుకున్నాను కూడా.

కర్నూలు అమ్మాయి కుర్చీ లాక్కుని నా ముందుకి వచ్చింది. ముఖం ఎర్రబడింది గానీ కళ్ళు తిప్పుకోలేదు. "బావ ఆఖరికి ఏం మాట్లాడినాడక్కా?" అంది.

ఏడాదిగా ఆ ప్రశ్న కోసం చూశాను. జవాబు పెద్దగా ఏమీ లేదు. ఆసుపత్రి భోజనం చప్పగా ఉందని ఆయన పొద్దున్నించీ సణుగుతున్నారు. "దీన్ని మనుషులు తింటారా? ఇంటికి పోయి నిమ్మకాయ ఊరగాయ తీసుకోని రా పో" అని కసురుకున్నారు. అంతే. నర్సు కంట పడకుండా ఎలా లోపలికి పట్టుకెళ్ళాలా అని ఆలోచించుకుంటూ నేను ఇంటికి వెళ్ళి, కొత్త సీసా ఒకటి సంచిలో పెట్టుకుని ఆటోలో తిరిగి వస్తున్నాను. రింగ్ రోడ్డు మీద బండ్లన్నీ ఆగిపోయి ఉన్నప్పుడు ఫోను వచ్చింది. అప్పుడు కూడా ఆ సీసా నా ఒళ్ళోనే ఉంది. ఇదంతా నేను ఎవరికీ చెప్పలేదు, మా అమ్మాయికి కూడా. ఆ రోజు మొదటిసారి చెప్పాను.

బ్యాంకాయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు.

"ఆ సీస యాడుంది అక్కా?" అంది పాలమూరు ఆవిడ.

"ఇంట్లోనే ఉండాది. మూత తీయలే."

"మరింక కూసున్నరేంది? పాండ్రి" అని ఆవిడ లేచి చీర కుచ్చిళ్ళు సర్దుకుంది. ఎవరికీ ఏమీ అర్థం కాకముందే నా చెయ్యి పట్టుకుని లిఫ్టు వైపు నడిపించింది. మిగతావాళ్ళు వెనకే వచ్చారు.

మా వంటింట్లో ఆవిడే కుక్కర్ పెట్టింది. అలమరలో పై అరలో ఉన్న సీసా నేనే దించాను. మూత బిగుసుకుపోయి నాకు రాకపోతే కర్నూలు అమ్మాయి కొంగుతో పట్టి తిప్పింది. ఊరి ఊరి ముక్కలు నల్లబడ్డాయి, వాసన మాత్రం గుప్పుమంది. హాల్లో కింద చాప పరుచుకుని అందరం వేడి అన్నంలో కలుపుకున్నాం. ఆయన ఏం తినేవారు, ఎవరితో గొడవపడేవారు, కొట్లో ఎలా బేరమాడేవారు అని ఒకరి తర్వాత ఒకరు అడుగుతూనే ఉన్నారు. నేను చెబుతూనే ఉన్నాను. కొన్నిటికి నవ్వారు. నేనూ నవ్వాను.

అప్పుడు తలుపు తీసుకుని మా అమ్మాయి వచ్చింది. హాల్లో ఇంతమందిని చూసి గుమ్మంలోనే ఆగిపోయింది. తర్వాత దాని చూపు సీసా మీద పడింది. ఆ రోజు ఆసుపత్రి నుంచి వచ్చాక నా సంచిలోంచి ఆ సీసా తీసి పై అరలో పెట్టింది తనేనట. ఎందుకు పట్టుకెళ్ళానో అడగాలంటే భయమేసిందట. ఇదంతా అది నాకు తర్వాత చెప్పింది.

"నాన్న కోసం తీసుకుపోయిండేదే గదమ్మా అది?" అంది.

మా ఇంట్లో ఏడాది తర్వాత వినబడింది ఆ మాట. అవునన్నాను. అది చెయ్యి కడుక్కుని వచ్చి, పాలమూరు ఆవిడ జరిగి చోటిస్తే నా పక్కన కూర్చుంది. వేరే కంచం పెట్టుకోకుండా నా కంచంలోనే చెయ్యి పెట్టి ఒక ముద్ద కలుపుకుంది. ముద్ద నోట్లో పెట్టుకోకుండా చేతిలోనే పట్టుకుని నా వైపు తిరిగింది.

"ఆ పొద్దు ఏమాయనో నాకు చెప్పమ్మా" అంది. "మొదటి నుంచి చెప్పు."